చూసిన ఊరంతా రాయకండి

ప్రశ్న: సెలవు పెట్టి ఇస్తాంబుల్ తిరిగి వచ్చాను. రాగానే మూడు వేల పైచిలుకు పదాల యాత్రా వ్యాసం రాసి, ఫొటోలు జతచేసి ఐదు పత్రికలకు పంపాను. ఒకరు ‘బాగుంది కానీ మాకు సరిపడదు’ అన్నారు. మిగతావాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. చదివిన స్నేహితులంతా మెచ్చుకుంటున్నారు. వ్యాసం మీకూ పంపుతున్నాను. లోపం ఎక్కడుంది? ట్రావెల్ రైటింగ్‌లో నిలదొక్కుకోవాలంటే ఏమేం తెలియాలి? ఇంకొకటి: ఒక టూరిజం సంస్థ ఖర్చులన్నీ తనే పెట్టుకుని తీసుకెళ్తానంటోంది, వెళ్లొచ్చా? — ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాసం రెండుసార్లు చదివాం. మీ భాషకు వంక పెట్టలేం. చిక్కంతా ఎంపికలో ఉంది. విమానం దిగడంతో మొదలుపెట్టి విమానం ఎక్కడంతో ముగించారు. నడుమ హాగియా సోఫియా, తోప్‌కాపి ప్యాలెస్, గ్రాండ్ బజార్, గలాటా టవర్ ఒక్కోదానికి రెండేసి పేరాల చొప్పున వచ్చిపోయాయి. మీరు తిరిగిన వరసే వ్యాసానికి వరస అయింది. మీ స్నేహితులకు నచ్చడంలో వింత లేదు. మీకు ఏమైందో తెలుసుకోవాలని వాళ్లకుంటుంది. మీరెవరో తెలియని పాఠకుడికి ఆ కుతూహలం ఉండదు. దాన్ని మొదటి నాలుగైదు వాక్యాల్లో మీరే పుట్టించాలి.

ఎడిటర్ బల్ల దగ్గర కూర్చుని ఆలోచించండి. ఇస్తాంబుల్‌ను పరిచయం చేసే వ్యాసం ఏ పత్రికైనా ఎప్పుడో ఒకప్పుడు వేసే ఉంటుంది. ఇప్పుడు మళ్లీ ఎందుకు వేయాలి? దీనికి మీ వ్యాసంలో జవాబు ఉంది, కాకపోతే ఆరో పేజీలో దాక్కుంది. ఎమినోను రేవులో సాయంత్రం ఫెర్రీ ఎక్కి ఆసియా ఒడ్డున ఉన్న కడికోయ్‌కి వెళ్లారు. రోజూ అదే ఫెర్రీలో ఇంటికి చేరే ఒక గుమాస్తాతో మాట్లాడారు. ‘ఇంజిను మెల్లబడగానే సగం మంది లేచి నిలబడ్డారు, తాడు కట్టకముందే ముందువరస వాళ్లు రేవు మీదికి దూకేశారు’ అని రాశారు. వ్యాసం మొత్తంలో మీరు స్వయంగా చూశారని నమ్మించే వాక్యం అదే. దాని తర్వాత వెంటనే మళ్లీ ఒక ప్యాలెస్‌కి వెళ్లిపోయారు!

ఆ ఒక్క పేరాలో వ్యాసం ఉంది. ఊరిని యూరప్, ఆసియా ఒడ్డులుగా విడదీసే బాస్ఫరస్ జలసంధి మీద మొదటి వంతెన 1973లో వచ్చింది. సముద్రం కింద మార్మరాయ్ రైలు సొరంగం 2013లో మొదలైంది. యూరప్ ఒడ్డున సిర్కెజిలో ఎక్కితే ఆసియా ఒడ్డున ఉస్కుదార్‌లో దిగడానికి నాలుగు నిమిషాలు చాలు. ఎమినోను నుంచి కడికోయ్‌కి ఫెర్రీలో దాదాపు ఇరవై నిమిషాలు. వంతెనలు, సొరంగాలు ఉండగా జనం ఇంకా పడవ ఎందుకు ఎక్కుతున్నారు? ఇది ప్రశ్న. ఇస్తాంబుల్ అనేది ఊరు మాత్రమే. ఊరికీ ప్రశ్నకూ ఉన్న ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే. మీ దగ్గరున్నది అంశమో కాదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: దాన్ని ఒకే వాక్యంలో ‘ఎందుకు’ లేదా ‘ఎలా’ వచ్చేలా చెప్పగలగాలి. ‘ఇస్తాంబుల్ అందాలు’ అంటే ఆ వాక్యం తయారు కాదు.

రెండో పొరపాటు వ్యాసం మొత్తం రాసి పంపడం. వ్యక్తిగత అనుభవ కథనాలకూ, హాస్యానికీ తప్ప, చాలా పత్రికలు ముందు ప్రతిపాదన చూస్తాయి. పిచ్ అంటారు దీన్ని. 200 నుంచి 300 పదాలు దాటకూడదు. అటాచ్‌మెంట్‌గా కాదు, మెయిల్ లోపలే ఉండాలి. సబ్జెక్ట్ లైన్‌లో ‘ప్రతిపాదన’ అని రాసి, ఆ పక్కనే పెట్టదలచిన శీర్షిక ఇవ్వండి. ‘నా యాత్రా వ్యాసం’ అని పంపితే తెరవరు.

మీ ఫెర్రీ కథకు పిచ్ ఇంచుమించు ఇలా ఉండొచ్చు: ‘బాస్ఫరస్ కింద రైలు సొరంగం వచ్చి పదేళ్లు దాటింది. నాలుగు నిమిషాల్లో ఖండం మారొచ్చు. అయినా సాయంత్రం ఎమినోను రేవులో ఫెర్రీ నిండిపోతోంది. తొందర లేనివాళ్లు కాదు వీళ్లు, తాడు కట్టకముందే దూకి పరుగెత్తేవాళ్లు. ఆ ఇరవై నిమిషాల్లో ఏముందో రోజూ వెళ్లివచ్చేవాళ్ల మాటల్లో 1,200 పదాల్లో చెబుతాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏ రేవు నుంచి ఏ వేళ ఎక్కాలో విడిగా 120 పదాల బాక్సు ఇస్తాను. నావే పన్నెండు ఫొటోలు ఉన్నాయి. ఇటీవల అక్కడికి వెళ్లి వచ్చాను. మూడు వారాల్లో ఇవ్వగలను.’ దీని కింద మీ గురించి రెండు వాక్యాలు, ఇదివరకు అచ్చయినవి ఉంటే రెండు లింకులు. ఏమీ అచ్చు కాకపోతే ఆ మాటే ఎత్తకండి. ‘నేను కొత్త రచయితను, అవకాశం ఇవ్వండి’ అన్న వాక్యం చూడగానే, కథ ఇంకా పూర్తిగా చదవకముందే ఎడిటర్ మనసు వెనక్కి తగ్గుతుంది.

పంపేముందు ఆ పత్రిక గత ఆరు సంచికలు తిరగేయండి. ఏ శీర్షిక కింద ఎన్ని పదాలు వస్తున్నాయో చూడండి. చివర పేరు లేకుండా సిబ్బంది రాసేవి ఏవో, బయటివాళ్లు రాసేవి ఏవో గమనించండి. ముందు పేజీల్లో వచ్చే 200, 300 పదాల చిన్న ముక్కలే కొత్తవాళ్లకు దారి. పెద్ద వ్యాసం కొత్త రచయిత చేతికి అంత తొందరగా రాదు. చిన్న ముక్క తప్పుల్లేకుండా, గడువులో ఇస్తే తర్వాతిసారి మీ మెయిల్ తెరుస్తారు.

సమయం సంగతి కూడా తెలియాలి. అచ్చు మాసపత్రికలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల ముందే సంచిక వేసుకుంటాయి. చలికాలపు ఇస్తాంబుల్ గురించి చెప్పాలంటే ఎండాకాలంలోనే అడగాలి. ఆదివారం అనుబంధాలకు నెల, రెండు నెలలు చాలు. వెబ్‌సైట్లకు వారాలే. మీరు చలికాలం చివర వెళ్లి వచ్చి, ‘మంచులో తడిసిన మినార్లు’ అని వేసవిలో రాబోయే సంచికకు పంపారు. ఐదు తిరస్కారాల్లో రెండింటికి అదొక్కటే కారణమైనా ఆశ్చర్యపోము.

ఒకే పిచ్‌ను ఒకేసారి ఐదుగురికి పంపకండి. ఇద్దరు ఒప్పుకుంటే ఒకరిని వదులుకోవాలి, ఆ ఒకరు గుర్తుపెట్టుకుంటారు. ఒకరికి పంపి రెండు వారాలు ఆగండి, ఒక వాక్యంతో గుర్తుచేయండి, మరో వారం చూసి ‘ఇక వేరేచోటికి పంపుతున్నాను’ అని మర్యాదగా చెప్పి కదలండి. గడువు దాటితే పోయే కథ అయితే ఈ వ్యవధిని కుదించుకోవచ్చు, ఆ మాట పిచ్‌లోనే చెప్పాలి.

ఇక రాత. మీ వ్యాసంలో ‘కనులపండువ’ నాలుగుసార్లు, ‘భూతల స్వర్గం’ రెండుసార్లు, ‘మాటల్లో వర్ణించలేం’ మూడుసార్లు ఉంది. వర్ణించలేకపోతే రాయడం దేనికి? ‘ప్రకృతి ఒడిలో’, ‘ఆహ్లాదకరమైన వాతావరణం’, ‘చారిత్రక ప్రాధాన్యం కలిగిన’, ‘జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన’ లాంటివి ఏ ఊరి పేరు ముందు పెట్టినా అతుకుతాయి. అందుకే అవి ఏ ఊరి గురించీ ఏమీ చెప్పవు. వ్యాసంలో ఇలాంటివన్నీ ఎర్ర సిరాతో గీసి, ఒక్కోచోట ‘నాకు అలా అనిపించడానికి కంటికి కనిపించిందేమిటి, చెవికి వినిపించిందేమిటి’ అని అడగండి. జవాబు నోట్సులో దొరికితే విశేషణం తీసేసి దాన్ని పెట్టండి. దొరకకపోతే వాక్యమే తీసేయండి. మూడు వేల పదాలు పదిహేను వందలకు దిగుతాయి, నష్టం ఏమీ ఉండదు.

1,200 పదాల వ్యాసానికి కొలతలు సుమారుగా ఇవి. మొదట 120, 150 పదాల దృశ్యం: అందులో కదలిక ఉండాలి, ఒక మనిషి ఉండాలి. మూడో పేరా దాటకముందే ఈ వ్యాసం దేని గురించో సూటిగా చెప్పే నాలుగు వాక్యాలు. కొత్తవాళ్లు తరచూ వదిలేసేది ఈ పేరానే. అది లేకపోతే పాఠకుడు దృశ్యం నుంచి దృశ్యానికి నడుస్తూ ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలియక ఆగిపోతాడు. చరిత్రను ఒకే ముద్దగా పెట్టొద్దు. మనిషి మాటకూ మాటకూ మధ్య, అవసరమైనచోట రెండేసి వాక్యాలు చాలు. వేళలు, సెలవు రోజులు, ఎలా చేరాలి అన్నవి వ్యాసంలో కలపకుండా బాక్సులోకి. ‘నేను’ ఎంత ఉండాలని చాలామంది అడుగుతారు. మీరు ఉండటం వల్ల ఏదైనా జరిగితే ఉండండి. తలుపు తెరిచారు, దారి తప్పారు, ఎవరితోనో వాదించారు. అలా కాకుండా కేవలం చూస్తూ నిలబడితే, చూసిందే రాయండి.

మంచి వాక్యం నోట్సులోంచే వస్తుంది, ఇంటికొచ్చాక జ్ఞాపకంలోంచి రాదు. మీ నోట్సు ఫొటోలు కూడా పంపారు కదా, వాటిలో ఎక్కువ భాగం ‘వావ్’, ‘అద్భుతం’, ‘మళ్లీ రావాలి’! చిన్న జేబు పుస్తకం తీసుకోండి. కుడి పేజీలో కనిపించినవి, వినిపించినవి, లెక్కలు మాత్రమే. ఎడమ పేజీలో మీ ఆలోచనలు, అనుమానాలు, తర్వాత చూసుకోవాల్సినవి. రెండూ కలిపేస్తే ఆరు నెలల తర్వాత ఏది చూసిందో ఏది ఊహించిందో మీకే తెలియదు. ప్రతి పేజీ పైన తేదీ, గంట, చోటు వేయండి. ఎదుటివాళ్లు అన్నమాట ఉన్నదున్నట్టు రాసుకుంటేనే కొటేషన్ గుర్తులు పెట్టండి. భావం మాత్రమే గుర్తుంటే ఆ గుర్తులు వాడకండి; వ్యాసంలో కూడా పరోక్షంగానే రాయాలి. రికార్డు చేసేముందు అడగండి. పేరును వాళ్ల చేతనే మీ పుస్తకంలో రాయించుకోండి, వృత్తి, ఫోను నంబరు తీసుకోండి. వ్యాసం పంపేముందు ఒక్క వివరం సరిచూసుకోవాలన్నా ఆ నంబరే దిక్కు.

లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. ఎన్ని మెట్లు, ఎంతమంది నిలబడ్డారు, పడవ ఏ నిమిషానికి కదిలింది. సగం అంకెలు వ్యాసంలోకి రావు. కానీ లెక్కపెడుతున్నంతసేపూ కన్ను అక్కడే ఉంటుంది. సైన్‌బోర్డులు, టైంటేబుళ్లు, టికెట్లు, శిలాఫలకాలు అన్నీ ఫోనుతో తీసిపెట్టుకోండి. అవి అచ్చుకు కాదు, స్పెల్లింగుకూ తేదీలకూ. చుట్టూ ఉన్న చప్పుడును ఒక నిమిషం రికార్డు చేసుకుంటే రాసేటప్పుడు అది తెచ్చే జ్ఞాపకం ఫొటో తేలేదు. రాత్రి పడుకునేముందు అరగంట కూర్చుని పొట్టిరాతను పూర్తి వాక్యాలుగా మార్చండి. ఎంత అలసిపోయినా సరే ఇది వాయిదా వేయకండి, మర్నాటికే సగం పొట్టిరాత అర్థం కాకుండా పోతుంది.

మీరు తిరిగినన్ని చోట్లు తిరగాల్సిన పనిలేదు. రోజుకు ఆరు చోట్లు చూసేవాళ్లకు ఆరు ప్రవేశద్వారాలు గుర్తుంటాయి. ఒక చోటును ఎంచుకుని తెల్లవారుజామున, మధ్యాహ్నం, పని వదిలే వేళ, ఒకసారి సెలవు రోజున చూడండి. రెండోసారి కనిపించిన మొహాన్ని అక్కడి మనుషులు గుర్తుపడతారు, అప్పుడు మాట్లాడతారు. హోటల్ రిసెప్షన్, గైడు, టాక్సీ డ్రైవరు చెప్పేవి రోజూ పర్యాటకులకు చెప్పి అరిగిపోయిన మాటలు. ఆ చోటు మీద బతుకు ఆధారపడినవాళ్లను వెతకండి. ఫెర్రీ విషయంలో తాడు విసిరే మనిషి, రేవులో టికెట్ గేటు దగ్గర ఉండేవాళ్లు, ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నవాళ్లు. ‘ఈ ఊరు మీకు ఇష్టమా’ అని అడిగితే ‘అవును’ అంటారు, కథ అక్కడితో అయిపోతుంది. ‘నిన్న ఈ వేళకు ఏం చేస్తున్నారు’, ‘ఇక్కడ చివరిసారి మారింది ఏమిటి’ అని అడగండి.

తప్పుల దగ్గరికి వద్దాం. మీ వ్యాసంలో మూడు కనిపించాయి. హాగియా సోఫియాను ఒకచోట మ్యూజియం అన్నారు. 2020 జులై నుంచి అది మళ్లీ మసీదు. గ్రాండ్ బజార్ వారమంతా తెరిచే ఉంటుందన్నారు, ఆదివారం మూసేస్తారు. కరాకోయ్ నుంచి కొండ మీది బేయోలుకు వెళ్లే తునెల్ రైలును ప్రపంచంలోకెల్లా పాత భూగర్భ రైలు అన్నారు. అది 1875లో మొదలైంది, లండన్‌ది 1863. మొదటి రెండూ పాత గైడ్‌బుక్ నుంచి, మూడోది ఏ గైడు నోటినుంచో వచ్చి ఉంటుంది. ‘మొట్టమొదటి’, ‘అతి పెద్ద’, ‘ఏకైక’ అన్న మాట ఎవరు చెప్పినా రెండు వేర్వేరు చోట్ల సరిచూడనిదే వాడకండి. రెండు వెబ్‌సైట్లు ఒకే వాక్యాన్ని ఎత్తిరాసుకుని ఉంటే అది ఒక్క ఆధారమే. వేళలు, సెలవులు, మార్గాలు వ్యాసం ఇచ్చే వారంలో మళ్లీ అధికారిక వర్గాల దగ్గర చూసి, పక్కన చూసిన తేదీ రాసుకోండి. ఎడిటర్ అడిగినా అడగకపోయినా, ప్రతి అంకెకూ ఆధారం రాసిన రెండో ఫైలు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

తెలుగులో రాసేవాళ్లకు అదనంగా ఒక పని ఉంది. విదేశీ పేర్లను ఇంగ్లిష్ అక్షరాలు చూసి పలికేస్తాం. తుర్కీ భాషలో ‘సీ’ అక్షరాన్ని ‘జ’గా పలుకుతారు, నెత్తిన చంద్రవంక ఉన్న ‘జీ’ దాదాపు పలకదు. అందుకే మీ ‘సిర్కేసి’ సిర్కెజి కావాలి, ‘బెయోగ్లు’ బేయోలు కావాలి. స్థానికులు పలికింది విని రాసుకోండి. వ్యాసమంతా ఒకే రూపం వాడండి. పత్రికకు సొంత పద్ధతి ఉంటే దానికి తలొగ్గండి.

ఫొటోల విషయం. మీవి వాట్సాప్ నుంచి దింపినవి, అచ్చుకు పనికిరావు. అందులో పంపగానే ఫైలు కుదించుకుపోతుంది. ఏ4 పరిమాణం పూర్తి పేజీకి అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) చొప్పున 2480 × 3508 పిక్సెల్స్ కావాలి. అసలు ఫైళ్లు దాచుకుని, పిచ్‌తో మాత్రం 1200 పిక్సెల్స్ వెడల్పున్న ఆరేడు నమూనాల లింకు ఇవ్వండి. మీ ఫొటోలన్నీ అడ్డంగా, దూరం నుంచి తీసినవే. పేజీ కట్టేవాళ్లకు ఒక విశాల దృశ్యం, పనిలో ఉన్న మనిషి, దగ్గరి నుంచి ఒక వస్తువు, పైన శీర్షికకు ఖాళీ వదిలిన నిలువు ఫొటోలు కనీసం రెండు కావాలి. ప్రతిదానికీ ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని క్యాప్షన్. సైనిక స్థావరాలు, సరిహద్దు వంతెనలు, విమానాశ్రయ భద్రతా ప్రాంతాలు చాలా దేశాల్లో ఫొటోలకు నిషిద్ధం. కొన్నిచోట్ల కాపీరైట్ చిక్కులూ ఉంటాయి: ఈఫిల్ టవర్ రాత్రి దీపాలంకరణ ఫొటోను వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి. ప్రయాణంలో రోజూ మూడు కాపీలు చేయండి, రెండు వేర్వేరు పరికరాల్లో, మూడోది క్లౌడ్‌లో.

ఉచిత ప్రయాణం గురించి అడిగారు. ఒప్పుకునే ముందు, మీరు ఏ పత్రికకు రాయదలచారో వాళ్లను అడగండి. న్యూయార్క్ టైమ్స్ లాంటివి ఉచిత ప్రయాణాల మీద రాసినవి తీసుకోవు. కొన్ని పత్రికలు తీసుకుంటాయి, కింద ఆ మాట వేస్తాయి. సంస్థ నుంచి మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: వ్యాసం ముందుగా వాళ్లకు చూపించక్కర్లేదు, బాగుందనే రాయాలన్న షరతు లేదు, కనీసం ఒక పూట ఒంటరిగా తిరిగే వీలుంటుంది. మూడోదానికి ఒప్పుకోకపోతే వెళ్లకండి, ఎందుకంటే బస్సులో ఉన్న అందరికీ ఒకే కథ దొరుకుతుంది. ఖర్చు ఎవరు పెట్టారో పాఠకులకు చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) మార్గదర్శకాలు కూడా అలాంటి సంబంధాన్ని బయటపెట్టాలంటాయి. వీసా కూడా చూసుకోండి. పర్యాటక వీసా మీద వృత్తిపరమైన రాతపని కొన్ని దేశాలు ఒప్పుకోవు. అమెరికా విదేశీ మీడియా వాళ్లకు విడిగా ‘ఐ’ వీసా ఇస్తుంది.

చివరిగా డబ్బు. ఒక ప్రయాణానికి ఒక వ్యాసం అనే లెక్కతో ఎవరికీ గిట్టదు. మీ ఇస్తాంబుల్ నుంచే ఫెర్రీ వ్యాసం, తునెల్ మీద 300 పదాలు, ఆసియా ఒడ్డున ఒక పూట గడపడంపై ఉపయోగకరమైన వ్యాసం వేర్వేరు పత్రికలకు ఇవ్వొచ్చు, ఒకే వాక్యం రెండుచోట్ల రాకుండా. ఒప్పందంలో ‘మొదటి ప్రచురణ హక్కు’ అని ఉంటే తర్వాత మీరు దాన్ని వేరేచోట వాడుకోవచ్చు. ‘సర్వహక్కులు’ అని ఉంటే పుస్తకంలో చేర్చుకోవడానికి కూడా వాళ్ల అనుమతి కావాలి, పారితోషికం దానికి తగ్గట్టు ఉంటేనే సంతకం చేయండి. ఫేస్‌బుక్‌లో ముందే పెట్టేస్తే మొదటి హక్కు పోయినట్టే అని చాలా పత్రికలు భావిస్తాయి, కాబట్టి మీ డ్రాఫ్టు అక్కడ పెట్టకండి. వాళ్లే అడిగి రాయించి చివరికి వేయకపోతే ఇచ్చే కిల్ ఫీజు ఎంతో ముందే రాయించుకోండి. మామూలుగా ఒప్పుకున్న మొత్తంలో నాలుగో వంతు ఉంటుంది. డబ్బు వ్యాసం అంగీకరించినప్పుడా, అచ్చయ్యాకా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. రెండోదైతే ఏడాది పట్టొచ్చు. ఇన్‌వాయిస్‌లో నంబరు, తేదీ, వ్యాసం శీర్షిక, పదాల సంఖ్య, సంచిక, బ్యాంకు వివరాలు వేసి వ్యాసంతో పాటే పంపండి. ముప్పై రోజులు దాటితే అదే నంబరు చూపి అకౌంట్స్ విభాగానికి రాయండి, ఎడిటర్‌కు కాపీ పెట్టండి.